ఇరుకోళ్ల కథలో రెండో బిడ్డ

పని ఎక్కడుంటుంది

కాన్పుల గదిలో ఆయమ్మ ఏం చేస్తుందని ఎవరినైనా అడగండి. బకెట్లు మోస్తుంది, గుడ్డలు ఉతుకుతుంది, ఫినాయిలు చల్లుతుంది అంటారు. అవన్నీ నేనూ చేశాను. వాటి గురించి పెద్దగా చెప్పను, ఎందుకంటే అవి వారం రోజుల్లో వస్తాయి. ఒక్క మాట మాత్రం చెబుతాను. పాత నూలు చీరలను పారేయకండి. ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, చదరంగా చింపి పెట్టుకోండి. పుట్టిన బిడ్డ ఒంటికి కొత్త గుడ్డ గరుకుగా ఉంటుంది. పది కాన్పులకు పనికొచ్చే చీరను ఒక్క కాన్పుకే చెత్తలో వేసే కొత్త ఆయమ్మ పిల్లలను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అసలు పని వేరే చోట ఉంది. నర్సు గంటకోసారి వచ్చి చూసి పోతుంది. డాక్టరు చివర్లో వస్తారు. ఇంటివాళ్లను లోపలికి రానివ్వరు. మిగిలిన సమయమంతా నొప్పులు పడే మనిషి, ఆయమ్మ, ఇద్దరే. ఆ సమయంలో ఆమె చెయ్యి ఎవరిది దొరికితే వాళ్లది పట్టుకుంటుంది, ఎవరి మాట వినబడితే దాన్నే నమ్ముతుంది. కాబట్టి మన చెయ్యి శుభ్రంగా ఉండాలి. మన నోరు అంతకంటే శుభ్రంగా ఉండాలి. మొదటిది నేను తొందరగానే నేర్చుకున్నాను. రెండోది నేర్చుకునే సరికి పని నుంచి దిగిపోయే ఏడాది వచ్చింది.

నేను పుట్టింది పాలకుర్తి దగ్గర. నాలుగో తరగతిలో బడి మానిపించి పత్తి ఏరడానికి తోలారు. చిట్యాలకు కోడలిగా పోయాను. కాటారం దిక్కు అడవి అంచున ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానలో పనికి కుదిరి చాలా ఏళ్లు అక్కడే ఉన్నాను. చివరికి మహబూబాబాద్ వైపు, తాండాల నడుమ ఉన్న దవాఖానకు మార్చారు. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు సన్మానం చేశారు అన్నవి మీకు అక్కరలేదు.

మరియమ్మ సిస్టర్

నాకు పని నేర్పిన మనిషి మరియమ్మ సిస్టర్. నవ్వేది కాదు. నేను చేరిన మొదటి రోజు నా చేతులు తిప్పి చూసింది.

"ఏందిది?"

"మట్టి సిస్టర్. పొద్దుగాల నాట్లకు పోయొచ్చిన."

"గోర్ల సందున గింత మట్టి చాలు బిడ్డను సంపనీకి. పో, కోస్కొని రా."

ఆ రోజు నుంచి నేను గోళ్లు పెంచలేదు, గాజులు మోచేతి దాకా ఎగదోయకుండా ఒక కాన్పుకు నిలబడలేదు.

ఆమె దగ్గర ఉండగానే ఒక తప్పు చేశాను. ఒకామెను బండి మీద తెచ్చారు. బురద కాళ్లతో ఉంటే నేనే కడిగాను. మెట్టెలు వేళ్లలోకి దిగబడి ఉన్నాయి, వాటి మీదికి మాంసం పొంగుకొచ్చింది. ఇంత వాపేమిటి అనుకున్నాను. నర్సులు చూసే ఉంటారులే, నాలుగో తరగతిదాన్ని నేను చెప్పేదేముందని బకెట్టు పారబోయడానికి పోయాను. ఆ వాపు బీపీ వల్లనట, అరగంటకు ఆమెకు ఫిట్స్ వచ్చాయి. ఆ పూట డాక్టరు ఉండబట్టి తల్లీ బిడ్డా దక్కారు. గది సర్దుకున్నాక మరియమ్మ సిస్టర్ నన్ను పిలిచింది.

"మెట్టెలు ముందుగాల సూసినవా?"

"సూసిన సిస్టర్."

"మరి నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

కొత్త పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. మీరు చూసింది మీ నోట్లో పెట్టుకుని ఇంటికి పోవద్దు. చెబితే తిడతారేమో, తిట్టనివ్వండి.

డాక్టరమ్మ చెప్పిన కథ

మరియమ్మ సిస్టర్ వెళ్లిపోయాక మాకు సుహాసిని అనే చిన్న డాక్టరమ్మ వచ్చింది. నా బిడ్డ ఈడుది. పట్నంలో చదివిన పిల్ల. మొదట్లో నాకు ఆమె మీద నమ్మకం లేదు. టీ సగం తాగి సగం పారబోసేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. గదిలో ముగ్గురు ఆడవాళ్లు నొప్పులతో ఉన్నారు. అందులో తొలిచూలు పిల్ల ఒకతి ఒకటే ఏడుపు. డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. నీకొక కథ చెబుతాను, అమెరికా ఖండంలో తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఉన్నవాళ్ల కథ అంది. వాళ్ల పేరు కూడా చెప్పింది. రేకుల మీద వాన చప్పుడులో నాకు 'ఇరుకోళ్లు' అని వినబడింది. అప్పటి నుంచి మా గదిలో అది ఇరుకోళ్ల కథ.

కథ ఇది. పైన ఒక లోకం ఉంది. కింద అంతా నీళ్లే, కాలు పెట్టడానికి నేల లేదు. పై లోకంలో కడుపుతో ఉన్న ఒకామె. అక్కడొక పెద్ద చెట్టు వేళ్లతో సహా లేచిపోతే బొంద పడింది. ఆమె ఆ బొందలోకి వంగి చూస్తూ జారిపడింది. మొగుడే నెట్టాడని కూడా కొందరు చెప్పుకుంటారట.

"మొగడే నూకి ఉంటడు," అంది మూలమంచం మీది ఆమె. నొప్పుల్లో కూడా ముగ్గురూ నవ్వారు.

పడుతూ పడుతూ ఆ బొంద అంచున దొరికిన వేళ్లు, గింజలు గుప్పిట పట్టుకుందట. కింద నీళ్ల మీద ఎగిరే పెద్ద పక్షులు చూసి, రెక్కకు రెక్క చేర్చి ఆమెను పట్టుకున్నాయి. పక్షులు ఎంతసేపు మోస్తాయి? అప్పుడు తాబేలు పైకి తేలి, నా వీపు మీద దించండి అంది. వీపు ఉంది సరే, మట్టి లేదే. మట్టి కోసం నీళ్ల అడుగుకు ఒక్కొక్క జంతువు దూకింది. బలమైనవి దూకి ఖాళీ చేతులతో వచ్చాయి. అన్నిటికంటే చిన్నది, ఎలుక లాంటి నీటి జీవి, చివరికి దూకింది. చాలాసేపటికి పైకి తేలింది. ప్రాణం లేదు. దాని గుప్పిట విప్పి చూస్తే చిటికెడు మట్టి. ఆ మట్టిని తాబేలు వీపు మీద పెట్టి, ఆమె దాని చుట్టూ నడిచింది. నడిచినకొద్దీ మట్టి పెరిగి భూమి అయింది. తెచ్చిన గింజలు చల్లింది. ఆ భూమి మీద ఆమెకు ఆడపిల్ల పుట్టింది.

కథ అయ్యేసరికి తొలిచూలు పిల్ల ఏడుపు ఆపి ఉంది. చీకటి పడకముందే ఆమెకూ ఆడపిల్లే పుట్టింది.

"అమ్మా, గీ కథకు అర్థం ఏందమ్మా?" అని తర్వాత నేను డాక్టరమ్మను అడిగాను.

ఆమె చేతులు కడుక్కుంటూ చెప్పింది. ఆ జనం లెక్కలో మనిషి ఈ భూమికి చుట్టంగా వచ్చాడట. పక్షులు, తాబేలు, ఆ చిన్న జీవి మనకంటే ముందు నుంచీ ఉన్నవి. అవి చోటిస్తే మనం నిలబడ్డాం. కాబట్టి ఏది తీసుకున్నా ముందు దండం పెట్టి తీసుకోవాలంటారట.

నాకు ఆ అర్థం బాగానే ఉంది. నాకు తోచింది కొంచెం వేరు. నీళ్లలో దూకిన ఆ చిన్నదాన్ని చూడండి. పెద్దవాటి పని అయిపోయాక అది గోటి సందున ఇంత మట్టి పట్టుకొచ్చింది. మన ఆయమ్మల పని కూడా అంతేనని నాకనిపించింది. డాక్టరు చూసేది డాక్టరు చూస్తారు, మనకు కనబడే మెట్టె మనకే కనబడుతుంది. గోటి మట్టితో భూమి పుట్టిందని వింటే మరియమ్మ సిస్టర్ ఏమనేదో మాత్రం నాకు తెలుసు.

తాబేలు దగ్గర పేచీ

ఆ తర్వాత కథ చెప్పడం నా పనైంది. నొప్పికీ నొప్పికీ మధ్య ఒక్కో ముక్క చెప్పేదాన్ని. పక్షుల దాకా అందరూ బాగానే వినేవాళ్లు. తాబేలు దగ్గర మాత్రం పేచీ వచ్చేది. మన దిక్కు తాబేలు ఇంట్లోకి దూరితే ఇల్లు పాడవుతుందంటారు కదా.

"తాబేలు మీద కాన్పా? థూ. మా అత్త అయితే ఇల్లు కడిగి, ఆ మనిషిని గూడ కడుగుతది," అని ఒకామె అంది.

"ఇల్లే లేనిదానికి తాబేలు సొస్తే ఏంది, సొరకపోతే ఏంది?" అన్నాను. "దానికి ఆ వీపే ఇల్లు."

ఆమె ఆలోచనలో పడింది. ఆ ఆలోచనలో రెండు నొప్పులు గడిచిపోయాయి. నాకు కావాల్సింది అదే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒకసారి పత్తి ఏరడానికి దూరం నుంచి వచ్చిన కూలీల ఆడమనిషి నొప్పులతో నడిచి వచ్చింది. కాగితాలు రాసే మనిషి ఆమెను గడప దగ్గరే నిలబెట్టి, కార్డు ఏది, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతున్నాడు. ఆమె గోడ పట్టుకుని వంగిపోయింది. నేను రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయి పడుకోబెట్టాను. అతను నా మీదికి వచ్చాడు. "పైనుంచి పడేదాన్ని పట్టుకునేటప్పుడు ఆ పక్షులు ఏ ఊరని అడిగినయా?" అన్నాను. కథ తెలియనివాడు కదా, ముసలిదానికి మతి పోయిందనుకుని పోయాడు. ఆమె కాన్పు మంచిగా అయింది. కార్డు సంగతి మర్నాడు చూసుకున్నారు. పని చేసేటప్పుడు ఈ వరుస మరిచిపోకండి. ముందు మంచం, తర్వాత కాగితం.

చెప్పకుండా ఉంచిన సగం

ఆ కథకు ఇంకో సగం ఉంది. డాక్టరమ్మ దాన్ని గదిలో చెప్పలేదు. ఒక రోజు అన్నం తినేటప్పుడు నాకొక్కదానికే చెప్పింది.

తాబేలు మీద పుట్టిన ఆ ఆడపిల్ల పెరిగి తానూ కడుపుతో అవుతుంది. కవలలు, ఇద్దరూ మగపిల్లలు. కడుపులో ఉండగానే ముందు ఎవరు, ఏ దారిన అని కొట్లాడుకుంటారు. మొదటివాడు అందరూ వచ్చే దారినే వస్తాడు. రెండోవాడు ఆగకుండా తల్లి పక్కను చీల్చుకుని వస్తాడు. ఆ తల్లి చనిపోతుంది. పైనుంచి పడిన ముసలామే ఇద్దరినీ పెంచుతుంది.

కాన్పుల గదిలో చెప్పే కథ కాదది. అంత తెలివి నాకూ ఉంది. చాలా ఏళ్లు ఆడపిల్ల పుట్టింది అన్న దగ్గర ఆపేదాన్ని.

సరోజ

మహబూబాబాద్ వైపు వచ్చాక, నా చివరి వానాకాలంలో, సరోజ అనే పిల్లను దగ్గరి తాండా నుంచి ఆటోలో తెచ్చారు. స్కానింగులో కవలలని తెలుసు. నెలలు నిండాక పెద్ద దవాఖానకు పోవాలని అనుకుని ఉన్నారు. నొప్పులు మూడు వారాల ముందే వచ్చాయి. వెంట అత్త మంగ్లి ఉంది. నా ఈడుదే, ఎండిన చింతబరికె లాంటి మనిషి.

మా నర్సు చూసి నన్ను బయటికి పిలిచింది. "మొదటి బిడ్డ అడ్డం ఉన్నది. ఈడ కాదు. ఆపరేషన్ కావాలె, ఉమ్మనీరు పోకముందే పోవాలె. బండికి ఫోన్ చేసిన, వాగు పొంగింది, సుట్టు తిరిగి రావాలంట. అప్పటిదాంక ఆమెను పండుకోబెట్టి ముచ్చట పెట్టు అవ్వా. భయపడనియ్యకు."

నేను పోయి సరోజ పక్కన కూర్చున్నాను. ఏ కథ చెప్పినా అయిపోయేది. వానకథ చెప్పొచ్చు, కోడికథ చెప్పొచ్చు. నాకు ఇన్నేళ్ల కథ చెప్పిన పొగరు. కవలల తల్లికి కవలల కథ అని నోరు జారాను.

"కవలలున్న కథ ఒకటున్నది, ఇంటవా?"

పిల్ల ముఖం వెలిగింది. "కవలలా? చెప్పు అవ్వా. ఎవల కథ?"

"ఇరుకోళ్లది."

"ఇరుకోళ్లంటే?"

"నాకేం ఎరుక. ఇరుకుల బతికేటోళ్లు గావచ్చు."

ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "మాదీ ఇరుకే అవ్వా. ఇద్దరున్నరు."

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. పక్షులు, తాబేలు, మట్టి, అన్నీ చెప్పాను. ఆడపిల్ల పుట్టిందన్నాను. కవలలేరి అని అడిగింది. ఆ ఆడపిల్లకే కవలలు అన్నాను.

"ఒకడు మంచి తొవ్వల వచ్చిండు," అన్నాను.

"ఇంకొకడు?"

"ఆడు ఆగలే. పక్కలకెల్లి వచ్చిండు."

"పక్కలకెల్లి అంటే? కోస్కొనా?"

నేను తడిగుడ్డ పిండుతున్నాను.

"తల్లి ఏమైంది అవ్వా?"

అబద్ధం చెబితే అక్కడితో అయిపోయేది. ఇద్దరినీ ఎత్తుకుని ఇంటికి పోయిందంటే ఎవరు అడ్డం వస్తారు? నాకు చిన్నప్పటి నుంచి అబద్ధం రాదు. రాదని గర్వం కూడా ఉండేది.

"సచ్చిపోయింది," అన్నాను.

సరోజ గోడ దిక్కు తిరిగి పడుకుంది. కొద్దిసేపటికి బయట బండి చప్పుడైంది. నర్సు వచ్చి, "లే బిడ్డా, మెల్లగ. పెద్ద దవాఖానల ఆపరేషన్ చేస్తరు, ఏం కాదు," అంది.

"ఏడ కోస్తరు?"

"పొట్ట మీద. చిన్న కోతనే."

సరోజ మంచం రాడ్డును రెండు చేతులతో పట్టుకుంది. "నేను పోను. నన్ను తాండకు తోలుండ్రి. కోస్తే నేను సస్త. నా కడుపు ఇరుకైంది, గాడు కోస్కొని వస్తడు, నాకెరుకే."

నర్సు బతిమాలింది, కసిరింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఒక్కో నొప్పికి ఆమె ఆ రాడ్డును ఇంకా గట్టిగా పట్టుకుంటోంది. నీరు ఎప్పుడు పోతుందో తెలియదు. పోతే బొడ్డుతాడు ముందుకు జారొచ్చు, అప్పుడు వాగు చుట్టూ తిరిగేంత సమయం ఉండదు. ముగ్గురి ప్రాణాలు ఆ రాడ్డు దగ్గర ఆగాయి. అక్కడిదాకా తెచ్చింది నా నోరే.

నర్సు మంగ్లిని లోపలికి పిలిచింది. అత్తాకోడళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆ ముసలామె నా వైపు తిరిగిన తీరు మాత్రం అర్థమైంది.

"ఏం చెప్పినవే నా కోడలికి?"

"కథ."

"ఏం కథ?"

"తల్లి సచ్చే కథ."

"నీ నోరు పడ. మంచిదానివని నీ దగ్గర ఇడిస్తే గిదా నువ్వు చేసింది?" అని నా రెక్క పట్టి గుమ్మం దగ్గరికి లాగింది. "నాకు చెప్పు. మొత్తం చెప్పు. ఉరుక్కుంట చెప్పు."

గుమ్మం దగ్గర నిలబడి, గ్లాసెడు నీళ్లు తాగేంత సేపట్లో మొత్తం చెప్పాను. ఆమె రెండే మాటలు అడిగింది.

"ఆ పిల్ల కాన్పప్పుడు పక్కన ఎవలున్నరు?"

"తల్లొక్కతే."

"మంత్రసాని లేదా?"

"భూమే అప్పుడు పుట్టింది. ఉన్నదే ఇద్దరు మనుషులు."

మంగ్లి లోపలికి పోయి మంచం మీద కూర్చుంది. సరోజ తలను ఒడిలోకి లాక్కుని ఏదో చెప్పింది. గొంతు పెంచలేదు. మధ్యలో చేత్తో గోడ చూపించింది, తలుపు చూపించింది, ఒకసారి నన్ను చూపించింది. అప్పుడు సరోజ ఏడుస్తూనే కొంచెం నవ్వింది. రాడ్డు మీది చెయ్యి ఒకటి వదిలింది. తర్వాత రెండోది వదిలింది.

బండిలో

వాళ్లతో నేనూ ఎక్కాను. నర్సు ఎక్కమనలేదు, నేనే ఎక్కాను. సరోజ కళ్లు మూసుకుని ఉంది. వాగు చుట్టూ తిరిగే దారంతా గుంతలు. కొంత దూరం పోయాక మంగ్లిని అడిగాను.

"ఏం చెప్పినవక్కా?"

"నీకెందుకు? ఇంకొగలకు చెప్పనీకా?"

"చెప్పు."

కాసేపు బెట్టు చేసి చెప్పింది. "ఆ పోరగాడు చెడ్డోడు కాదన్న. లోపట ఇరుకైంది, తొవ్వ దొరకలే, తలుపు తీసేటోళ్లు లేరు. ఆనికి ఆడే తీస్కున్నడు. మన దగ్గర తలుపు తీసేటోళ్లున్నరు, తీసినంక మళ్ల పెట్టేటోళ్లున్నరు అన్న."

"నన్నెందుకు చూపిచ్చినవ్?"

"ఆ కథల ముసల్ది ఒక్కతే ఉండె. గందుకే బిడ్డను దక్కించుకోలే. ఈడ ఇద్దరం ముసలోళ్లం ఉన్నం అన్న. అండ్ల ఒకదానికి నోరు మంచిగలేదు, చేతులు మంచివే అన్న."

ఇరవై ఏళ్లకు దగ్గరగా ఆ కథ చెప్పినదాన్ని నేను. కథలోని ముసలామె ఒంటరిగా ఉందన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు. రెండో పిల్లవాడి కోపమే చూశాను. తాబేలు వీపు మీద, మంత్రసాని లేని చోట, సొంత బిడ్డ కాన్పు ఒక్కతే చేసిన తల్లిని చూడలేదు. అదే నా పని అయి ఉండి కూడా చూడలేదు.

వరండాలో

పెద్ద దవాఖానలో సరోజను వెంటనే లోపలికి తీసుకుపోయారు. మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. నాకు ఉగ్గబట్టుకోవడం కాలేదు. సుహాసిని డాక్టరమ్మ నంబరు నా దగ్గర ఉంది, వేరే జిల్లాలో పని చేస్తోంది. ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"ఇరుకోళ్లేంటవ్వా?" అంది ఆమె. "ఇరోక్వా. అదీ బయటివాళ్లు పెట్టిన పేరు. వాళ్లను వాళ్లు పొడుగింటి వాళ్లం అని చెప్పుకుంటారు. ఒకే పొడుగాటి ఇంట్లో చాలా కుటుంబాలు కలిసి ఉండేవాళ్లు."

"అంటే ఇరుకు కాదా?"

"కాదవ్వా."

"గిదా ఇప్పుడు చెప్పేది? గిన్నేండ్లాయె."

డాక్టరమ్మ నవ్వలేదు. నేను భయపడి ఉన్నానని గొంతులో తెలిసి ఉంటుంది. మెల్లగా ఇంకొంత చెప్పింది. చనిపోయిన ఆ తల్లి మట్టిలో కలిసిన చోట మక్కలు, చిక్కుళ్లు, గుమ్మడి మొలిచాయట. ఆ రెండో పిల్లవాడు ముళ్లు, చలి, రాళ్లు చేశాడట. మొదటివాడు మెత్తనివన్నీ చేశాడట. పగలు ఒకడిది, రాత్రి ఒకడిది. కథ ఒక్కో ఊళ్లో ఒక్కో తీరుగా చెప్పుకున్నా, ఇద్దరిలో ఒకడే ఉంటే లోకం నడవదన్న మాట ఎక్కువగా వినబడుతుందట. ఫోన్ పెట్టాక అదంతా మంగ్లికి చెప్పాను.

"నిజమే," అంది. "రాత్రి లేకపోతే కూలికి పోయినోళ్లు ఎప్పుడు పండుకోవాలె?"

నేను వరండా బండలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఒక్కో కాన్పుకు లోపల ఉండే మనిషిని, బయట కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. కొత్త పిల్లలు ఇది గుర్తు పెట్టుకోండి. బయట కూర్చున్న అత్తలు, తల్లులు పదిసార్లు తలుపు తడితే విసుక్కోవద్దు. నేను చాలామందిని విసుక్కున్నాను.

తలుపు తెరుచుకుంది. "సరోజ మనుషులెవరు?"

ఇద్దరం లేచాం.

"తల్లి మంచిగున్నది. ఇద్దరు పిల్లలు మంచిగున్నరు. రెండో బిడ్డ జర సన్నగున్నది, ఒక రోజు అద్దాల పెట్టెల పెడ్తం. భయం లేదు."

ఉన్నచోటే బండ మీద కూలబడ్డాను. మంగ్లి మూట విప్పి జొన్నరొట్టె తీసింది, విరిచి పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది.

"తిను. పొద్దటి సంది నోరు ఊకెనే ఆడిచ్చినవ్, గిప్పుడన్న మంచిపనికి ఆడియ్."

పనిలో ఉండగా పరాయి మనిషి పెట్టింది తినకూడదన్నది నా నియమం. ఆ రొట్టె మొత్తం తిన్నాను.

మూడో రోజు

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. కథలు చెప్పండి. మాత్ర కంటే ముందు మాట పనిచేయడం నేను చూశాను. మీకు ఇష్టమైన కథ కాకుండా, ఆ మంచం మీది మనిషికి ఏది పనికొస్తుందో అది చెప్పండి. మీకే సరిగా తెలియని పేరుకు అర్థం కల్పించకండి. 'నాకు తెల్వదు' అని ఆగండి. నేను 'ఇరుకు' అని ఊహించి చెప్పిన ఒక్క మాట ఆ పిల్ల పొట్ట మీద పెద్ద బండై కూర్చుంది. తప్పు జరిగితే దాచకండి. మంగ్లి అడిగినప్పుడు నేను నీళ్లు నమిలి ఉంటే, కథను దిద్దే మనిషికి కథ అందేది కాదు.

మూడో రోజు నేను సెలవు పెట్టి పెద్ద దవాఖానకు పోయాను. ఉడకబెట్టి ఆరేసిన గుడ్డలు ఒక మూట పట్టుకుపోయాను. సరోజ మంచం మీద ఒరిగి కూర్చుని ఉంది. ముఖంలో రక్తం తిరిగింది. బిడ్డలిద్దరూ చెరో పక్కన ఉన్నారు. నాకు ఆమె కళ్లలోకి చూడటం కష్టమైంది. గుడ్డలు మడత పెడుతున్నట్టు తల వంచుకున్నాను.

"అవ్వా," అంది. "నీ కథ తప్పు."

"ఇరుకు కాదంట బిడ్డా, డాక్టరమ్మ చెప్పింది..."

"గది కాదు. రెండో బిడ్డ ముచ్చట." సన్నగా ఉన్న బిడ్డ మీది గుడ్డను పక్కకు తీసి చూపించింది. "మగపిలగాడంటివి. సూడు. ఆడపిల్ల."

నేను వంగి చూశాను. ఆ పిల్ల పిడికిలి బిగించి, కళ్లు తెరవకుండానే ఆవులించింది.

"అవును," అన్నాను. "నాదే తప్పు."